ఆ ఏడు ఏమైంది తాతయ్యా?

అక్టోబరు 1 ప్రపంచ వృద్ధుల దినోత్సవం. ‘పెద్దల మాట ఎవరు వింటున్నారు?’ అన్న ప్రశ్న మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్. గడువు గురువారం సాయంత్రం. వృద్ధాశ్రమాల ఫొటోలు, నిపుణుల సూచనలు ఎలాగూ దొరుకుతాయి. నన్ను కదలనివ్వనిది మాత్రం దివిసీమలో ఒక రైతు ఇంట్లో కనిపించింది. చెక్క బీరువా అడుగున పాత పంచె ముక్కలో చుట్టిపెట్టిన పంచాంగాల కట్ట అది.

ఎనభైకి దగ్గర పడుతున్న ఆ పెద్దాయన ఏటా ఉగాదికి పంచాంగం కొంటారు. వాన ఎప్పుడు పడింది, కాలువకి నీరు ఎప్పుడొచ్చింది, నారు, నాట్లు, కోత... అన్నీ ఆ తేదీ పక్కనే అంచుల్లో బాల్‌పెన్నుతో రాస్తారు. కట్టలో అన్నిటికన్నా పాతది కాళయుక్తి, అంటే 1978-79. అంతకుముందువి లేవు. “అప్పటిదాకా రాసే అవసరం రాలేదు బాబూ. ఏదైనా మా నాన్ననే అడిగేవాణ్ణి” అన్నారు. తండ్రి 1977 నవంబరు 19 ఉప్పెనలో పోయారు.

నందన నామ సంవత్సరం, 2012. నీలం తుపాను వచ్చిన ఏడు. అట్లతద్ది పక్కన ఇలా ఉంది: ‘నీలం వాన. చేను పడింది. పొద్దున్నే మురుగు కాలువ వైపు గట్టుకి గండి కొట్టా. తప్పు. పోటు మీద ఉంది. కాలువ నీరే చేలోకి తన్నింది. ఆటు దాకా ఆగాల్సింది.’ ‘తప్పు’ కింద రెండు గీతలు.

సముద్రం దగ్గరి మురుగు కాలువల తీరే అంత. ఆటు వేళ నీరు కిందికి లాగుతుంది, పోటు వేళ ఎదురు తంతుంది. పున్నమి, అమావాస్యలకీ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ పోటు జోరు ఎక్కువ. అష్టమి చుట్టుపక్కల నెమ్మదిస్తుంది. ఆయన మామూలు డైరీ వాడకపోవడానికి కారణం ఇదే. పంచాంగంలో తిథి అచ్చయి ఉంటుంది కాబట్టి ఎన్నేళ్ల తర్వాత తిరగేసినా ఆ రోజు కాలువ ఎందుకలా తన్నిందో ఆ పేజీలోనే తెలిసిపోతుంది.

ఇంత సరుకు బీరువాలో ఉన్నా, ఇంట్లో ఆయన మాట చెల్లిన రోజులు తక్కువ. సార్వాకి ఏ రకం వెయ్యాలి, మనవరాలు ఏం చదవాలి, ఫ్రిజ్ ఏ గోడకి పెట్టాలి... అన్నిటికీ తీర్పు సిద్ధంగా ఉండేదట. “గండి కొట్టకురా” అనేవారు, ఎందుకో చెప్పేవారు కాదు. మనవడు ఫోన్లో వాన కబురు చూసుకుని వెళ్లిపోయేవాడు. ఫోను కూడా వాన సంగతి చాలావరకు సరిగ్గానే చెబుతోంది, కుర్రాణ్ణి తప్పుపట్టలేను.

2023 డిసెంబరు మొదటి వారం. మిచౌంగ్ తుపాను బాపట్ల వైపు వస్తోంది. చేను సగం పనల మీద ఉంది, సగం కోయాల్సి ఉంది. ఎంత వాన పడుతుందో ఫోన్లో ఉంది. పడిన నీరు ఎటు పోతుందో లేదు. ఆ రాత్రి మనవడు ఏం చెయ్యమంటావని అడగలేదు. “తాతయ్యా, నీలం అప్పుడు ఏమైంది?” అన్నాడు. పెద్దాయన కట్ట విప్పి పేజీ చూపించారు. ఆ పక్కనే శోభకృత్ పంచాంగం పెట్టి చూస్తే, తుపాను తీరం దాటే 5వ తేదీ అష్టమి. పోటు బలం తక్కువ. వాన తగ్గాక ఆటు వేళ చూసుకుని గండి కొట్టారు. నీరు లాగింది. తడిసిన పనల మీద ఉప్పునీళ్లు చల్లారు. లీటరుకి 50 గ్రాముల ఉప్పు, గింజ మొలకెత్తకుండా వ్యవసాయ శాస్త్రవేత్తలూ చెప్పే మోతాదే. పంటంతా దక్కలేదు, రంగు మారిన ధాన్యానికి ధరా రాలేదు. గింజ మాత్రం మొలకెత్తలేదు.

తమ సలహాకి విలువ ఉండాలని పెద్దవాళ్లు కోరుకోవడం అత్యాశ కాదని నేను గట్టిగా నమ్ముతాను. బతుకంతా పోగుచేసింది ఎవరికీ అక్కర్లేదంటే, మనిషే అక్కర్లేదన్నట్టు తగులుతుంది. అయితే తీర్పులు పాతబడతాయి. 1982లో వచ్చిన స్వర్ణ వరి మీద చెప్పిన సలహా ఇవాళ్టి చేనుకి సరిపోకపోవచ్చు. జరిగింది జరిగినట్టు చెబితే దానికి కాలదోషం ఉండదు. మనవడు నమ్మింది తాత నెగ్గిన పేజీని కాదు, ‘తప్పు’ అని గీతలు పెట్టిన పేజీని. అడిగేవాళ్ల బాధ్యతా ఉంది. అంపశయ్య మీద భీష్ముడు అంత చెప్పాడంటే ధర్మరాజు విసుగులేకుండా అడుగుతూ పోయాడు గనకే.

బాక్స్: కథే కాపాడింది

ఇండోనేషియాలో సుమత్రా పక్కన సిములూ ద్వీపం. 1907లో సునామీ అక్కడి ఊళ్లని ఊడ్చేసింది. బతికినవాళ్లు ‘స్మోంగ్’ పేరుతో ఆ సంగతిని పిల్లలకి కథగా చెబుతూ వచ్చారు. భూమి గట్టిగా కదిలి, సముద్రం వెనక్కి తగ్గిందంటే కొండెక్కాలి. 2004 డిసెంబరు 26న భూకంప కేంద్రానికి అంత దగ్గరగా ఉండి కూడా, 70 వేలకు పైగా జనాభాలో సునామీకి బలైంది ఏడుగురే.

చరిత్ర క్లుప్తంగా: ఐక్యరాజ్యసమితి 1990 డిసెంబరు 14న వృద్ధుల దినోత్సవాన్ని ప్రకటించింది, 1991 నుంచి జరుపుతున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అరవై దాటినవారు 10 కోట్ల పైమాటే. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌కి వెళ్లి భరణం కోరవచ్చు. ఇంట్లో ఒక మాట అడిగించుకోవడానికి మాత్రం చట్టం సాయపడదు.

పెద్దాయన చెప్పిందంతా పక్కనే కూర్చుని విన్న ఆ ఇంటావిడ, “నేనేం రాసుకోలేదు బాబూ, అన్నీ చేతుల్లోనే ఉన్నాయి” అన్నారు. కోడళ్ల పురుళ్లు, గేదెల ఈతలు, ఉప్పెన తర్వాత ఉప్పు తేలిన పెరట్లో మళ్లీ కూరపాదులు నిలబెట్టిన సంగతి ఆమె నోట కాసేపే విన్నాను. ఏ ఏడు ఏమైందని ఆమెని ఇంతవరకూ ఎవరూ అడగలేదట. ఆ కథనం ఈ గడువులో ఇమడలేదు, విడిగా రాయాలి.

ఇప్పుడు వాన కబురు రాగానే అదే మురుగు కాలువ వెంట ఉన్న రైతులు పెద్దాయనకి ఫోన్ చేస్తున్నారు. “పెదనాన్నా, గండి కొట్టమంటావా?” అంటే వెంటనే ఔననీ కాదనీ చెప్పరు. “మీ చేను వంతెనకి ఎగువనా, దిగువనా? కాలువ ఇప్పుడు ఎటు లాగుతోందో చూసి చెప్పు” అంటారు.