మందు ఒకటే.. స్త్రీ పురుషుల్లో ఫలితం వేరు

గుండెపోటు రాకుండా భర్తకు రాసిచ్చిన మాత్రను ముందుజాగ్రత్తగా భార్య కూడా వేసుకోవడం కొన్ని ఇళ్లలో కనిపించేదే. మందు అందరిపైనా ఒకేలా పనిచేస్తుందన్న నమ్మకమే దీనికి కారణం. వైద్యరంగంలోనూ ఈ నమ్మకం చాలాకాలం కొనసాగింది. అది ఎంతవరకు నిజమో ఆస్పిరిన్ చరిత్రే చెబుతుంది.

పదహారేళ్ల నిరీక్షణ

అమెరికాలో 22,071 మంది వైద్యులపై జరిపిన అధ్యయనం తుది ఫలితాలు 1989లో వెలువడ్డాయి. రోజు విడిచి రోజు 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వాడినవారిలో తొలి గుండెపోటు ముప్పు 44 శాతం తగ్గింది. అయితే వారంతా పురుషులే. మహిళల సంగతి తేలడానికి 2005 వరకు ఆగాల్సి వచ్చింది. 45 ఏళ్లు, ఆపై వయసున్న 39,876 మంది ఆరోగ్యవంతులైన మహిళలను దాదాపు పదేళ్లు పరిశీలించారు. రోజు విడిచి రోజు 100 మిల్లీగ్రాములు తీసుకున్నవారిలో పక్షవాతం ముప్పు 17 శాతం తగ్గినా, గుండెపోట్లు మాత్రం చెప్పుకోదగినంతగా తగ్గలేదు. 65 ఏళ్లు దాటినవారిలోనే ఆ మేలు కనిపించింది. జీర్ణాశయంలో రక్తస్రావం పెరిగింది. రెండు అధ్యయనాల్లో మోతాదు వేరు కనుక తేడా అంతటికీ లింగభేదమే కారణమని చెప్పలేం. కానీ పురుషుల ఫలితాన్ని మహిళలకు యథాతథంగా అన్వయించరాదని మాత్రం స్పష్టమైంది.

కారణాలేమిటి?

సగటున మహిళల శరీర బరువు తక్కువ, కొవ్వు శాతం ఎక్కువ. మందును విడగొట్టే కాలేయం, బయటకు పంపే మూత్రపిండాల పనితీరులోనూ తేడాలున్నాయి. అందువల్ల అదే మోతాదులో ఇచ్చిన మెటోప్రోలాల్ వంటి మందు మహిళల రక్తంలో ఎక్కువ స్థాయికి చేరుతుంది. సోటలాల్ వంటి మందులతో గుండె లయ ప్రమాదకరంగా తప్పే అవకాశమూ వారిలోనే అధికం. బీపీకి వాడే ఎనలాప్రిల్ తరహా మాత్రలతో పొడిదగ్గు కూడా మహిళల్లోనే ఎక్కువ. గుండె బలహీనపడిన రోగులపై 11 యూరప్ దేశాల్లో జరిగిన పరిశీలన 2019లో వెలువడింది. సిఫారసు చేసిన మోతాదులో సగంతోనే మహిళలకు గరిష్ఠ ప్రయోజనం దక్కినట్లు అందులో తేలింది.

సొంతంగా ఆపరాదు

ఇవి చదివి మందులు మానేయడం, మోతాదు తగ్గించుకోవడం ప్రాణాంతకం. ఇప్పటికే గుండెపోటు వచ్చిన, స్టెంట్ వేయించుకున్న మహిళలకు ఆస్పిరిన్ పురుషులకు మాదిరిగానే అవసరం. ఏ జబ్బూ లేనివారు మాత్రం, స్త్రీలైనా పురుషులైనా, వైద్యుడు చెప్పకుండా దాన్ని రోజూ వేసుకోరాదు. దగ్గు, తల తిరగడం, గుండెదడ, నల్లటి మలం కనిపిస్తే వెంటనే వైద్యుడికి తెలపాలి. ఎనలాప్రిల్ తరహా మాత్రలు గర్భస్థ శిశువుకు హాని చేస్తాయి కాబట్టి, గర్భం దాల్చాలనుకునేవారు ముందే ఆ విషయం చెప్పాలి. భర్త చీటీ భార్యకు పనికిరాదు.. ఎవరి చీటీ వారిదే.