చలికూరలకు దసరాయే ముహూర్తం

విత్తనాల పొట్లం మీద ‘వసంతారంభంలో విత్తండి’ అని చూసి, ఒక ఏడాది ఫిబ్రవరిలో క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు పోశాను. మొలకలు ముచ్చటగానే వచ్చాయి. ఏప్రిల్ ఎండలకు క్యాబేజీ ఆకులు ముడుచుకోనే లేదు. కాలీఫ్లవర్ నిమ్మకాయంత పువ్వేసి, పసుపెక్కి విచ్చిపోయింది. రోజూ నాలుగు బిందెల నీళ్లు మోసింది నేను కదా, ఆ బాధ నాకే తెలుసు!

ఆ పొట్లం మీద రాసింది చలిదేశాల లెక్క. అక్కడ మార్చిలో విత్తినా మే దాకా చల్లగానే ఉంటుంది. మన పత్తికొండలో ఏప్రిల్ వచ్చిందంటే 40 డిగ్రీలు. వాళ్ల వసంతం లాంటి చల్లదనం మనకు నవంబరు నుంచి జనవరి దాకానే. అందుకే నేనిప్పుడు దసరాకు నారు పోసి, దీపావళి వెళ్లిన వారానికి నాటుతున్నాను. వానలకు నేల కూడా తడిసి ఉంటుంది, రెండు బిందెలు తక్కువ పోసినా సరిపోతుంది.

నారు పోయడానికి పాత ప్లాస్టిక్ టబ్బు చాలు. అడుగున చిల్లులు పెట్టి, సగం మట్టి, సగం బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపండి. విత్తనం పైన పల్చగా మట్టి చల్లి, మొలక వచ్చేదాకా తడి గోనెపట్టా కప్పండి. మొలక కనబడగానే పట్టా తీసేయాలి, మరిచిపోతే మొక్కలు పాలిపోయి సాగుతాయి. 25, 30 రోజుల నారును సాయంత్రం పూట, ఒకటిన్నర అడుగు ఎడంగా నాటండి. నారు ముదిరితే కాలీఫ్లవర్ చిన్న పువ్వే వేస్తుంది. పువ్వు గుప్పెడంత కాగానే దాని ఆకులే పైకి మడిచి దారంతో కడితే తెల్లగా ఉంటుంది.

ముల్లంగి, క్యారెట్ మాత్రం నారు పోసి నాటేవి కావు, పీకి నాటితే గడ్డ వంకర పోతుంది. నేరుగా మడిలోనే విత్తాలి. మాది నల్లరేగడి, తడిస్తే బంక, ఎండితే రాయి. అందుకని ఆ ఒక్క మడికి ఇసుక కలిపాను. ముల్లంగి 45 రోజులకు పీకేయండి, ఇంకా ఊరుతుందిలే అని ఉంచితే బెండు పడుతుంది. కొత్తిమీరకు ధనియాలు రెండు బద్దలుగా నలిపి, రాత్రంతా నానబెట్టి చల్లండి. మెంతికూర మూడు వారాలకే కోతకొస్తుంది.

క్యాబేజీకి పచ్చపురుగు తప్పదు. వేపగింజల పప్పు 50 గ్రాములు దంచి, లీటరు నీళ్లలో రాత్రి నానేసి, వడగట్టి, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం చల్లితే చాలు. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు మొక్కలకు పోయొచ్చు. అంట్లు తోమిన సబ్బునీళ్లు ఆకుకూరల మడిలోకి మాత్రం వదలకండి.

అన్నట్టు, టమోటా ఏదీ అంటారేమో. ధర పడితే రోడ్డు పక్కన పారబోసే ఊరు మాది, పెరట్లో దానికి చోటెందుకని నేను వేయను. ముల్లంగి ఆకు మాత్రం పారేయకండి, కందిపప్పులో వేసి వెల్లుల్లి తాలింపు పెడితే జొన్నరొట్టెలోకి చాలా బాగుంటుంది. సంక్రాంతి దాటాక ఖాళీ అయిన మడుల్లో నేను గోరుచిక్కుడు, గోంగూర వేస్తాను.