పాత బోటు కొనేవారు అడుగు చూడాలి

కాకినాడ: తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేటకు నిషేధం. బోట్ల మరమ్మతులకు అదే అదను.

పాత బోటు కొనేవారు కేబిన్ రంగు, ఇంజను చప్పుడు చూసి బేరం కుదుర్చుకుంటారు. చూడవలసింది ఇంజను నుంచి పంకాకు వెళ్లే షాఫ్టు బోటు వెలుపలికి వచ్చే చోటు. అక్కడ గ్రీజు పట్టించిన ప్యాకింగు తాడు చుట్టి నట్లు బిగిస్తారు. షాఫ్టు తిరిగేటప్పుడు చుక్క చుక్కగా నీరు కారితే మంచిదే, ఆ తడే దాన్ని చల్లబరుస్తుంది. చుక్క కూడా రాకూడదని బిగించేస్తే షాఫ్టు వేడెక్కి అరుగుతుంది. ధార కడితే తాడు మార్చాల్సిందే. బోటు ఒడ్డున ఉండగా ఆ పని సులువు.

తాడు పాతబడితే రేవులో కట్టిన బోటులోకీ నీరు ఊరుతుంది. తోడే పంపు బ్యాటరీదైతే, బ్యాటరీ చచ్చిన రాత్రి బోటు మునిగినట్టే. ఉప్పుగాలికి తీగల చివర్లు చిలుము పట్టాయేమో కూడా చూసుకోవాలి.