పేరు పక్కన ఏం రాయాలి?

మొన్న నాచారంలో జకాత్ జాబితా రాస్తూ ఒక పెద్దాయన పేరు పక్కన 'గుడ్డి' అని రాశాను. ఉప్పల్‌లో ఉండే ఆయన కొడుకు చూసి, "మౌల్వీ సాబ్, అబ్బాకు చూపు లేదని రాస్తే సరిపోదా?" అన్నాడు. సిగ్గుపడ్డాను.

ఎగతాళి పేర్లతో పిలవరాదని దివ్య ఖుర్ఆన్ (49:11) హెచ్చరిస్తోంది. అబస సూరాలో 'అంధుడు' అనే మాట ఉన్నది నిజమే. కాని అక్కడ మందలింపు ఆయన్ను పట్టించుకోనందుకు. ఆయనే హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి). తర్వాత మదీనాలో అజాన్ ఇచ్చేవారు.

మన ఉర్దూలోని 'మాజూర్' కూడా 'ఉజ్ర్' నుంచి వచ్చింది. అంటే తగిన కారణం ఉన్నవాడు. ఎంత మర్యాద! 2016 నాటి చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 'దివ్యాంగులు' అన్న మాట మాత్రం కొందరికి జాలిలా వినిపిస్తుంది.

జాబితా తిరగరాశాను: 'చూపు లేదు. కాగితాలు చదివి వినిపించాలి.'