నైటింగేల్ మ్యూజియం: లాంతరు చెప్పేది, చెప్పనిది

మన నర్సింగ్ కళాశాలల్లో దీపం చేతికిచ్చి ప్రతిజ్ఞ చేయించే ఆచారం మీకు తెలిసిందే. ఆ వేడుకల్లోనూ, పాఠ్యపుస్తకాల బొమ్మల్లోనూ ఫ్లోరెన్స్ నైటింగేల్ (1820–1910) దీపం తరచుగా ముక్కున్న నూనె దీపంలా కనిపిస్తుంది. లండన్‌లో సెయింట్ థామస్ ఆసుపత్రి ఆవరణలోని నైటింగేల్ మ్యూజియంలో మాత్రం వేరే వస్తువు ఉంది. అది టర్కీ లాంతరు: హార్మోనియం తిత్తిలా మడతలుపడే గొట్టం, లోపల కొవ్వొత్తి. క్రిమియా యుద్ధకాలంలో స్కుటారి సైనిక ఆసుపత్రిలో వాడినవి ఈ రకం లాంతర్లే. కనుక మ్యూజియంలో విద్యార్థి వేసుకోవలసిన మొదటి ప్రశ్న: కళ్ళెదుట ఉన్న వస్తువూ మనం విన్న కథా ఒకటేనా?

లాంతరు ఆమె సేవాభావాన్ని చెబుతుంది. మరణాలు ఎందుకు తగ్గాయో చెప్పదు. 1854 నవంబరులో నైటింగేల్ 38 మంది నర్సులతో స్కుటారి చేరారు. ఆ తరువాత కూడా చలికాలమంతా చావులు పెరుగుతూనే వచ్చాయి. 1855 ఫిబ్రవరిలో రోగుల మరణాల రేటు సుమారు 42 శాతం. ఆసుపత్రి భవనం కిందే మురుగు నిలిచి ఉండేది. మార్చిలో వచ్చిన శానిటరీ కమిషన్ కాలువలు కడిగించి, వార్డుల్లోకి గాలి ఆడేట్లు చేసింది. జూన్ నాటికి రేటు 2 శాతం దరిదాపులకు దిగింది. వాతావరణం మెరుగుపడటం, రద్దీ తగ్గటం కూడా ఇందుకు తోడ్పడ్డాయనే వాదన ఉంది.

యుద్ధానంతరం ఆమె గణాంకవేత్త విలియం ఫార్ సహాయంతో ఈ లెక్కలను పరిశీలించారు. 1858లో ముద్రించిన వృత్తాకార చిత్రంలో నెలకొక రేకు ఉంటుంది. నీలం నివారించదగిన వ్యాధుల మరణాలు, ఎరుపు గాయాల మరణాలు, నలుపు ఇతర కారణాలు. నీలం పక్కన ఎరుపు చాలా చిన్నది. అంటే తుపాకి గుండు కన్నా మురికే ఎక్కువమంది సైనికులను చంపింది. ఇక్కడ సంఖ్యను సూచించేది రేకు పొడవు కాదు, వైశాల్యం. జవాబుపత్రాల్లో చాలామంది తడబడేది ఇక్కడే.

ఆమె పెంచిన గుడ్లగూబ అథీనా కూడా ఈ మ్యూజియంలోనే ఉంది. పిల్లలు అక్కడే ఆగిపోతారు, తప్పులేదు. బయట ఆసుపత్రి తోటలో, అదే యుద్ధంలో సైనికులకు సేవచేసిన జమైకా మహిళ మేరీ సీకోల్ విగ్రహాన్ని చూడటం మరవకండి. దాన్ని నెలకొల్పింది 2016లో.

నైటింగేల్ భారతదేశానికి ఎన్నడూ రాలేదు. అయినా ఇక్కడి సైనిక స్థావరాల నుంచి తెప్పించిన జవాబుపత్రాలను చదివి, వాటి నీటి వసతి, మురుగు గురించి ఆమె రాసిన పరిశీలనలు 1863 నాటి రాయల్ కమిషన్ నివేదికతో పాటు వెలువడ్డాయి.

అభ్యాసం: మీ సమీపంలోని ఏదైనా మ్యూజియంలో ఒక వైద్య పరికరాన్ని ఎంచుకోండి. అది ఏమి నిరూపిస్తుందో, ఏమి నిరూపించలేదో ఒక పుటలో రాయండి.