అత్తయ్య, వాట్సాప్, మూడు పొరల మాస్కు

2020 ఆగస్టు 2 నుంచి మెల్‌బోర్న్‌లో కరోనా కర్ఫ్యూ. రాత్రి 8 దాటితే తెల్లవారి 5 దాకా గడప దాటకూడదు. పగలైనా ఇంటికి 5 కిలోమీటర్ల లోపే తిరగాలి. మా టార్నీట్ ఇంటి నుంచి కొలిస్తే ఇండియన్ కొట్టు ఆ గీత లోపలే ఉంది, బతికిపోయాం.

ఖమ్మం నుంచి చూడ్డానికొచ్చిన అత్తయ్య ఇక్కడే చిక్కుకుపోయారు. ఆవిడకు వార్తలంటే వాట్సాప్. అది చెప్పినట్టే పొద్దున్నే వాము ఆవిరి, పసుపు పాలు. అవి గొంతుకు హాయే, కాదనను. కానీ వైరస్‌ను ఆపవని ఒప్పించాలి కదా! అందుకే అప్పటి విక్టోరియా ప్రీమియర్ డేనియల్ ఆండ్రూస్ రోజూ పెట్టే విలేకరుల సమావేశం ముందు కూర్చోబెట్టి, తెలుగులో చెప్పేదాన్ని. ఆవిడేమో పక్కన సైగలతో అనువదించేవాళ్లనే చూస్తూ, "నీకంటే ఆ చేతులే నయమే అమ్మాయ్" అనేవారు.

మాస్కు జులై 23 నుంచే తప్పనిసరి అయింది. గుడ్డదైతే మూడు పొరలుండాలని ఆరోగ్య శాఖ సలహా: బయట నీరు పీల్చని పాలియెస్టర్, లోపల నూలు. అత్తయ్య పాత నూలు చీర ఒకటి కత్తెరకు బలైంది.

కరోనా సందేహాలకు 1800 020 080 హెల్ప్‌లైన్ ఉండేది. ఇంగ్లిషు రానివాళ్లు 131 450కి చేస్తే దుబాసీ దొరుకుతారు.

అక్టోబరు 26న కొత్త కేసులు సున్నా అన్నారు. అత్తయ్య నమ్మక ఇంకో ఛానల్ పెట్టించారు.