ఇంటి పర్మిషన్ వెంటనే వస్తుంది.. మరి జోన్ చూసుకున్నారా?

తెలంగాణలో 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టంతో ఇంటి పర్మిషన్ తేలికైంది. 75 గజాల లోపు స్థలంలో జీ ప్లస్ వన్ ఇంటికి అనుమతి అక్కర్లేదు.. ఆన్‌లైన్‌లో రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు వరకు సెల్ఫ్ సర్టిఫికేషన్‌తో వెంటనే అనుమతి. అంతకు మించితే 21 రోజుల గడువు.

అసలు మెలిక ఇక్కడే ఉంది. ఇచ్చిన వివరాలకు యజమానిదే బాధ్యత. తప్పని తేలితే నోటీసు లేకుండానే కూల్చేయొచ్చు. చెరువు ఎఫ్‌టీఎల్‌లో ఇల్లు కట్టకూడదు. 10 హెక్టార్లు, ఆపై చెరువైతే ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువైతే 9 మీటర్లు బఫర్.

ప్లాట్ రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన ఇల్లు కట్టుకోవచ్చని కాదు. అడ్వాన్స్ ఇచ్చే ముందే సర్వే నంబర్‌తో మాస్టర్ ప్లాన్‌లో జోన్, చెరువు హద్దులు చూసుకోవాలి.